ఓటుకు ముందు గీసిన గీత

1920 తొలి మాసాల్లో జర్మనీ, డెన్మార్క్ సరిహద్దున ఉన్న ష్లెస్విగ్ ప్రజలు తాము ఏ దేశంలో ఉండాలో ఓటు వేసి చెప్పారు. టోండర్ అనే చిన్న పట్టణంలో నూటికి 75 మందికి పైగా జర్మనీ కావాలన్నారు. ఫ్లెన్స్‌బర్గ్ అనే రేవు పట్టణంలోనూ దాదాపు అదే నిష్పత్తిలో జర్మనీయే కావాలన్నారు. టోండర్ డెన్మార్క్‌కు వెళ్లింది, ఫ్లెన్స్‌బర్గ్ జర్మనీలో ఉండిపోయింది. ఇందులో రిగ్గింగు లేదు, లెక్కల తారుమారు లేదు. ఎవరి ఓట్లను ఎవరి ఓట్లతో కలిపి లెక్కించాలన్నది పోలింగుకు ముందే ఖాయమైంది. రెండు పట్టణాల దారులు విడిపోయింది అక్కడే. స్వయం నిర్ణయ హక్కు మాట వచ్చినప్పుడల్లా మనం ఓటు దగ్గర మొదలుపెడతాం. జనాన్ని అడగండి, వాళ్లు చెప్పినట్టు చేయండి అంటాం. ఏ జనాన్ని అడగాలన్న ప్రశ్నకు మాత్రం ఓటు జవాబు చెప్పలేదు. జనం నిర్ణయించాలంటే ఆ జనం ఎవరో ముందుగా ఇంకెవరో నిర్ణయించాలి కదా అని బ్రిటిష్ రాజ్యాంగ పండితుడు ఐవర్ జెన్నింగ్స్ 1956లో ఎత్తిపొడిచారు. ష్లెస్విగ్ చరిత్ర ఈ చిక్కుముడిని విప్పలేదు కానీ, విప్పలేని ముడితోనే రెండు పొరుగు దేశాలు ఎలా నెట్టుకురావచ్చో చూపింది. అక్కడ తగవు చల్లారడానికి హద్దు న్యాయంగా ఉండటం కారణం కాదని నా వాదన. గెలిచిన దేశం తనకు అందేదంతా అడగకుండా ఆగింది. ఓడిన జనానికి హద్దుకు అవతల కూడా తమ భాషతో, తమ బడితో బతికే హక్కు కాలక్రమంలో దక్కింది. తగవును చల్లార్చినవి ఈ రెండే.

ష్లెస్విగ్, దాని దక్షిణాన హోల్‌స్టైన్ అనే రెండు డచీలు శతాబ్దాల తరబడి డెన్మార్క్ రాజు ఏలుబడిలో ఉన్నాయి. హోల్‌స్టైన్ పూర్తిగా జర్మన్ ప్రాంతం. ష్లెస్విగ్ ఉత్తరాన డేనిష్, దక్షిణాన జర్మన్, పడమటి తీరంలోనూ దీవుల్లోనూ ఫ్రిసియన్ మాట్లాడే కలగలుపు నేల. ఈ రెంటినీ ఎన్నటికీ విడదీయబోమని 1460లో రాజు మొదటి క్రిస్టియన్ రిబెలో మాట ఇచ్చాడు. జాతీయవాదం తలెత్తని రోజుల్లో ఆ మాటతో ఎవరికీ పేచీ రాలేదు. 19వ శతాబ్దంలో అదే మాట ఇరుపక్షాలకూ ఆయుధమైంది. డచీలు విడిపోకూడదు కాబట్టి రెండూ జర్మనీవే అన్నది జర్మన్ల వాదం. ష్లెస్విగ్ వరకు డెన్మార్క్ రాజ్యాంగంలో కలవాలన్నది డేన్‌ల పట్టు. 1848లో మొదలైన మూడేళ్ల యుద్ధం ఏమీ తేల్చలేదు. 1864లో ప్రష్యా, ఆస్ట్రియా కలిసి డెన్మార్క్‌ను ఓడించాయి. ఆ యుద్ధం మధ్యలోనే లండన్‌లో జరిగిన సమావేశంలో ష్లెస్విగ్‌ను రెండుగా పంచుదామన్న ప్రతిపాదన వచ్చింది. పంపకానికి సూత్రప్రాయంగా దారి ఉన్నా గీత ఎక్కడ గీయాలన్న దగ్గర చర్చ తెగిపోయింది. అక్టోబరులో వియన్నాలో సంధి జరిగేసరికి డెన్మార్క్ రెండు డచీలనూ పోగొట్టుకుంది. ఎక్కువ కోరి మొత్తం పోగొట్టుకున్న ఈ అనుభవం డేనిష్ రాజకీయాల్లో తరతరాలు నిలిచింది. తరవాతి కథలో డెన్మార్క్ చూపిన నిగ్రహానికి మూలం ఇక్కడే ఉంది.

1866లో ప్రష్యా, ఆస్ట్రియాలు తమలో తాము పోరాడుకున్నాయి. ఆ యుద్ధాన్ని ముగించిన ప్రేగ్ సంధిలో, ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ ఒత్తిడి మీద, 5వ అధికరణంగా ఒక మాట చేరింది: ఉత్తర ష్లెస్విగ్ ప్రజలు స్వేచ్ఛగా ఓటు వేసి కోరితే ప్రష్యా ఆ భాగాన్ని డెన్మార్క్‌కు తిరిగి ఇవ్వాలి. సంధిపత్రంలోనే ప్రజల కోరికకు చోటు దొరకడం ఆ కాలానికి పెద్ద విషయం. అయితే ఉత్తర ష్లెస్విగ్ అంటే ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నది సంధి చెప్పలేదు, ఓటు ఎప్పుడు పెట్టాలో చెప్పలేదు. ప్రష్యా ప్రధాని బిస్మార్క్‌కు ఆ సందు చాలు. 1867 ఎన్నికల్లో ఉత్తరాన డేనిష్ అభ్యర్థులు ఇద్దరు గెలిచి జనం మనసు చెప్పినా ఓటు జరగలేదు. 1878లో బెర్లిన్, వియన్నాలు తమలో తాము మాట్లాడుకుని ఆ అధికరణాన్నే కొట్టేశాయి. ఆ హక్కు ఎవరికోసం రాశారో వాళ్లను ఎవరూ అడగలేదు. 1888 నాటికి కొన్ని మతబోధ తరగతులు తప్ప బడిలో చదువంతా జర్మన్‌లోనే సాగాలన్న ఆదేశం వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో డెన్మార్క్ తటస్థంగా ఉంది. అయినా ఉత్తర ష్లెస్విగ్ నుంచి సుమారు 30 వేల మంది యువకులు జర్మన్ సైన్యంలో పోరాడవలసి వచ్చింది, వారిలో 5 వేలకు పైగా తిరిగి రాలేదు.

1918లో జర్మనీ ఓడిపోతున్న రోజుల్లో, జర్మన్ పార్లమెంటులో డేనిష్ ప్రతినిధిగా ఉన్న హెచ్.పి. హాన్సెన్ సభలోనే నిలబడి పాత హామీని నెరవేర్చమని అడిగారు. నవంబరులో ఆబెన్రా పట్టణంలో సమావేశమైన డేనిష్ సంఘం చేసిన తీర్మానమే తరవాత జరిగిన దానికంతటికీ నమూనా. ఉత్తర ష్లెస్విగ్‌ను ఒకే ముద్దగా లెక్కించాలి. మొత్తం మీద మెజారిటీ ఎటు ఉంటే ఆ ప్రాంతమంతా అటే వెళ్లాలి. దాని దక్షిణాన మధ్య ష్లెస్విగ్‌లోని ఊళ్లు కోరితే వేరుగా, ఊరూరికీ లెక్క చూసుకునేలా ఓటు వేయవచ్చు. ఈ రెండు భాగాల నడుమ గీతను చరిత్రకారుడు హెచ్.వి. క్లౌసెన్ యుద్ధానికి ఎన్నో ఏళ్ల ముందే గీసి పెట్టారు. ఆయన ఆ ప్రాంతమంతా తిరిగి, ఏ చర్చిలో ఏ భాషలో ప్రార్థన జరుగుతోంది, ఇళ్లలో ఏం మాట్లాడుతున్నారు, జనం మనసు ఎటు ఉంది అని ఆరా తీసి గీసిన గీత అది. ఇప్పటి సరిహద్దు దాదాపు ఆ గీతే. ఉత్తరాన మొత్తంగా, దక్షిణాన ఊరూరుగా లెక్కించడం డెన్మార్క్‌కు అనుకూలమని జర్మన్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. వాళ్లన్నది నిజమే. ఉత్తరాన చెదురుమదురుగా ఉన్న జర్మన్ పట్టణాలను ఆ పద్ధతి మింగేసింది. దక్షిణాన డేనిష్ ఊరు ఏదైనా బయటపడితే దాన్ని కలుపుకునే దారి మాత్రం తెరిచి ఉంచింది.

యుద్ధాన్ని ముగించిన వెర్సాయ్ సంధి ఈ నమూనాను చాలా వరకు అంగీకరించింది. జర్మన్ సైన్యం, పై అధికారులు వైదొలగాక బ్రిటన్, ఫ్రాన్స్, స్వీడన్, నార్వే ప్రతినిధులతో కూడిన అంతర్జాతీయ సంఘం ఫ్లెన్స్‌బర్గ్‌లో కూర్చుని పాలన నడిపింది. ఓటరు ఎవరన్నదీ ముందే గీసిన మరో గీత. 20 ఏళ్లు నిండిన స్త్రీ పురుషుల్లో ఆ ప్రాంతంలో పుట్టినవాళ్లు, లేదా 1900కు ముందు నుంచీ అక్కడ కాపురం ఉన్నవాళ్లు, లేదా జర్మన్ అధికారులు వెళ్లగొట్టినవాళ్లు ఓటర్లు. అంటే 1900 తరవాత వచ్చి స్థిరపడ్డ జర్మన్ ఉద్యోగికి ఓటు లేదు. అక్కడ పుట్టి ఎక్కడో బతుకుతున్నవాడు రైలెక్కి వచ్చి ఓటు వేయవచ్చు. ఫిబ్రవరి 10న మొదటి మండలంలో, అంటే ఉత్తర ష్లెస్విగ్‌లో, 75,431 మంది డెన్మార్క్‌కు, 25,329 మంది జర్మనీకి వేశారు. మార్చి 14న రెండో మండలంలో, అంటే మధ్య ష్లెస్విగ్‌లో, జర్మనీకి 51,742, డెన్మార్క్‌కు 12,800 వచ్చాయి. రెండు చోట్లా నూటికి 90 మందికి పైగా ఓటు వేశారు. రెండో మండలంలో డెన్మార్క్‌కు మెజారిటీ ఇచ్చినవి ఫోర్ దీవిలోని మూడు చిన్న ఊళ్లే. కొత్త సరిహద్దుకు తగలకపోవడంతో అవీ జర్మనీలోనే ఉండిపోయాయి.

ఈ అంకెలనే మరోలా పేర్చి చూడండి. రెండు మండలాల ఓట్లను కలిపేస్తే డెన్మార్క్‌కు 88,231, జర్మనీకి 77,071. అంటే రెంటినీ ఒకే ముద్దగా లెక్కించి ఉంటే, నూటికి 75 మంది వద్దన్నా ఫ్లెన్స్‌బర్గ్ డెన్మార్క్ పాలయ్యేది. రెండు చోట్లా ఊరూరికీ లెక్క చూసి ఉంటే టోండర్, దాని చుట్టుపక్కల ప్రాంతం జర్మనీలో ఉండేది. జర్మన్ పక్షాన యోహానెస్ టీడ్యె ప్రతిపాదించిన గీత ఆ దారిలోనిదే. అవే చేతులు, అవే ఓట్లు, మూడు వేర్వేరు పటాలు. ఇందులో ప్రజాభీష్టం ప్రకారం గీసిన పటం ఏది? మూడూ అదే. భాషను కొలబద్దగా పెట్టుకుంటే ఈ ఎంపిక బాధ తప్పుతుందని కొందరంటారు. ష్లెస్విగ్ దానికీ ఒప్పుకోదు. ఫ్లెన్స్‌బర్గ్‌కు పడమర పల్లెల్లో ఇంట్లో డేనిష్ యాస మాట్లాడే కుటుంబాలు చాలా జర్మనీకి ఓటు వేశాయి. నాలుక ఒక దేశానిది, మనసు ఇంకో దేశానిది అయిన జనం ఉన్నచోట భాషాపటం తీర్పు చెప్పలేదు.

అలాగైతే ఇదంతా ఒక నాటకమే కదా, గీత గీసేవాడే గెలుస్తాడు కదా అన్నది సహజంగా వచ్చే ఆక్షేపణ. అలా అనడానికి ష్లెస్విగ్‌లో అడ్డు వచ్చేది గీత గీసేవాడి ప్రవర్తన. సంధి ముసాయిదాలో మూడో మండలం కూడా ఉండేది. అది ష్లై, డానెవిర్క ప్రాంతాల వరకు, అంటే జర్మన్ భూమి నడిబొడ్డు దాకా వెళ్లేది. అక్కడ ఓటు వద్దని అడిగింది డెన్మార్క్ ప్రభుత్వమే. ప్రధాని కార్ల్ థియోడర్ జాలె దృష్టిలో ఇష్టంలేని జనాన్ని లోపలికి తెచ్చుకోవడం లాభం కాదు, రేపటి యుద్ధానికి విత్తనం. దేశంలో అందరూ ఆయనతో ఏకీభవించలేదు. ఓటు ఎటు పడినా ఫ్లెన్స్‌బర్గ్ కావలసిందేనని జాతీయవాదులు పట్టుబట్టారు. 1920 మార్చి 29న రాజు పదో క్రిస్టియన్ జాలె మంత్రివర్గాన్నే తొలగించాడు. సార్వత్రిక సమ్మె బెదిరింపు వచ్చింది, గణతంత్రం కావాలన్న నినాదాలు వీధుల్లో వినిపించాయి, వారం తిరగకుండానే రాజు వెనక్కి తగ్గాడు. డెన్మార్క్ చరిత్రలో ఈస్టర్ సంక్షోభం పేరిట నిలిచిన ఆ ఘటనలో తేలినది సరిహద్దు ఒక్కటే కాదు. రాజు ఇష్టంతో మంత్రివర్గాలు పడిపోయే పద్ధతికీ అక్కడితో తెరపడింది. అందిన అవకాశాన్ని వదులుకోమని తన జనానికే చెప్పగలిగిన ప్రభుత్వం ఉన్నచోట గీత పక్షపాతానికి ఒక హద్దు ఏర్పడుతుంది. నాటకం అన్న ఆక్షేపణకు నా జవాబు ఇదే.

గీత ఎంత చిన్న ముక్కలను చూస్తే అంత న్యాయం కదా, ఊరే కొలమానం కావాలి కదా అన్నది మరో ఆక్షేపణ. జర్మనీ, పోలెండ్ సరిహద్దున ఉన్న ఎగువ సైలీషియాలో సరిగ్గా ఆ పనే చేయబోయారు. 1921 మార్చి 20న అక్కడ సుమారు 7 లక్షల 7 వేల మంది జర్మనీకి, 4 లక్షల 79 వేల మంది పోలెండ్‌కు ఓటు వేశారు. ఫలితాన్ని ఊళ్లవారీగా చూడాలి, భౌగోళిక, ఆర్థిక పరిస్థితులనూ లెక్కలోకి తీసుకోవాలి అని వెర్సాయ్ సంధే చెప్పింది. పట్టణాలు జర్మన్, చుట్టూ పల్లెలు పోలిష్, కింద బొగ్గు గనులు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఊళ్లను బట్టి హద్దు గీస్తే గని ఒక దేశంలో, కార్మికుల ఇళ్లు ఇంకో దేశంలో పడతాయి. గీత తేలకముందే మే నెలలో సాయుధ తిరుగుబాటు చెలరేగింది. చివరికి నానాజాతి సమితి పంచి పెట్టాల్సి వచ్చింది. చిన్న ముక్క న్యాయంగా కనిపిస్తుంది కానీ, ఊళ్లు నీటితో, సంతతో, పనితో కలిసే బతుకుతాయి.

ఈ కొలమానాల తగవు తెలుగువారికి కొత్త కాదు. మనది సార్వభౌమ దేశాల మధ్య తగవు కాదు, ఒకే దేశంలోని రాష్ట్రాల మధ్యది. ఓటు పెట్టలేదు, జనాభా లెక్కల్లోని మాతృభాషను ఆధారం చేసుకున్నారు. అయినా ప్రశ్న అదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాను తాలూకాల వారీగా విడదీశారు: ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి, బళ్లారి తాలూకా మైసూరుకు వెళ్లింది. రెండేళ్లకు రాష్ట్రాల పునర్విభజన సంఘం భాషను పక్కనబెట్టి తుంగభద్రను ముందు పెట్టి, బళ్లారిని ఆంధ్రకు ఇవ్వమంది, కేంద్రం ఒప్పుకోలేదు. చిత్తూరు, చెంగల్పట్టు జిల్లాల వివాదంలో మధ్యవర్తి హెచ్.వి. పటాస్కర్ తాలూకాను కాదని గ్రామాన్ని కొలమానంగా తీసుకున్నారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు ఆంధ్రప్రదేశ్‌కు మారాయి. బెళగావి విషయంలో మహారాష్ట్ర ఇప్పటికీ పటాస్కర్ సూత్రాన్నే ముందు పెడుతోంది. తనకు లాభించే కొలమానాన్ని ప్రతి పక్షమూ సూత్రమంటుంది. తాలూకా, గ్రామం, నది మూడూ ఒప్పుకోదగిన కొలమానాలే. మూడింటిలో ఏదీ ప్రకృతి ఇచ్చింది కాదు.

గీత ఎక్కడ పడ్డా అటు కొందరు, ఇటు కొందరు మిగిలిపోతారు. అసలు పరీక్ష వాళ్ల దగ్గర మొదలవుతుంది. 1920 జూన్‌లో సుమారు 4 వేల చదరపు కిలోమీటర్ల భూమి డెన్మార్క్ చేతికి వచ్చింది. దాంతోపాటు పదుల వేల సంఖ్యలో జర్మన్ మనసున్న జనమూ వచ్చారు. వాళ్లకు జర్మన్ బడులు దక్కాయి, డేనిష్ పార్లమెంటులో ఒక స్థానమూ దక్కింది. అయినా 1933 తరవాత వారి సంఘాల్లో నాజీ భావం పాకింది, సరిహద్దు మార్చాలన్న నినాదం లేచింది. 1940 ఏప్రిల్ 9న డెన్మార్క్‌ను ఆక్రమించిన హిట్లర్ కూడా ఆ గీతను మాత్రం కదపలేదు. యుద్ధం ముగిశాక పాత్రలు తారుమారయ్యాయి. ఆకలి, శిథిలాలు, తూర్పు నుంచి వెల్లువెత్తిన శరణార్థులతో నిండిన దక్షిణ ష్లెస్విగ్‌లో వేలాది మంది హఠాత్తుగా డేనిష్ సంఘాల్లో చేరారు. 1946లో బ్రిటన్ డెన్మార్క్‌ను అడిగింది: జనాల మార్పిడి కావాలా, సరిహద్దు సవరణ కావాలా, ఓటు కావాలా? డెన్మార్క్ మూడూ వద్దంది. ఆకలి మీద వేసే ఓటు స్థిరంగా నిలవదని, నిలవని ఓటు మీద గీసిన గీత మరో తగవు తెస్తుందని వాళ్లకు తెలుసు. దక్షిణ ష్లెస్విగ్ వైపు మొగ్గిన ప్రధాని క్నుడ్ క్రిస్టెన్సెన్ 1947లో ఈ విషయం మీదనే పదవి పోగొట్టుకున్నారు.

తగవుకు ముగింపు పలికినవి 1955 మార్చి 29న పశ్చిమ జర్మనీ, డెన్మార్క్ ప్రభుత్వాలు బాన్, కోపెన్‌హాగెన్‌ల పేరిట చేసిన జంట ప్రకటనలు. తాను డేన్ అనో జర్మన్ అనో చెప్పుకునే స్వేచ్ఛ ప్రతి మనిషిదీ. ఆ మాటను ఏ అధికారీ తనిఖీ చేయడానికి వీల్లేదు. భాష పరీక్షలు లేవు, వంశవృక్షం చూపనక్కర్లేదు. 1954 ఎన్నికల్లో 5 శాతం నిబంధన వల్ల ష్లెస్విగ్-హోల్‌స్టైన్ శాసనసభలో ఒక్క స్థానమూ దక్కని డేనిష్ మైనారిటీ పార్టీకి ఆ నిబంధన నుంచి మినహాయింపు వచ్చింది. 2021లో ఆ పార్టీ జర్మన్ పార్లమెంటుకూ ఒక సభ్యుణ్ణి పంపింది. స్వయం నిర్ణయం అప్పటిదాకా నేలకు చెందిన హక్కుగా ఉంది. 1955లో అది మనిషికి చెందిన హక్కయింది. నేల మీద గీత ఒకేచోట పడగలదు. మనిషి చేతిలోని హక్కు గీతకు రెండు వైపులా పనిచేస్తుంది.

ఇదంతా చిన్న, సంపన్న, ప్రశాంతమైన దేశాల సంగతి అనీ, జర్మనీ రెండుసార్లు ఓడిపోయింది కాబట్టే సాధ్యమైందనీ అనవచ్చు. రెండో మాటలో బలం ఉంది. గెలిచిన పక్షం ఆల్సేస్‌లో ఓటు పెట్టలేదు, జర్మన్ మాట్లాడే దక్షిణ టిరోల్‌ను జనాన్ని అడగకుండానే ఇటలీకి ఇచ్చేసింది. ఓడినవాడి భూమిలో, అదీ గెలిచినవాడికి నష్టం లేనిచోట మాత్రమే స్వయం నిర్ణయం అమలైంది. 1955 ప్రకటనల వెనక కూడా ఉదారత ఒక్కటే లేదు. పశ్చిమ జర్మనీ నాటోలో చేరే వేళ అది, డెన్మార్క్‌కు అడగడానికి అదను దొరికింది. అయితే అదే ఓటమి, అదే సంధి, అదే పద్ధతి సైలీషియాలో వేరే ఫలితం ఇచ్చాయి. అక్కడి మైనారిటీలకు రక్షణ ఇచ్చిన 1922 జెనీవా ఒడంబడికకు 15 ఏళ్ల గడువు పెట్టారు. 1937లో అది తీరిపోయింది, రెండేళ్లకు యుద్ధం వచ్చింది. ష్లెస్విగ్‌లో హక్కులకు గడువు తేదీ లేదు. పైగా ఆ ప్రాంతం ముందునుంచీ ప్రశాంతమైనదేమీ కాదు: 16 ఏళ్లలో రెండు యుద్ధాలు, భాష మీద నిషేధాలు, వెళ్లగొట్టడాలు, ఒక ఆక్రమణ చూసిన నేల అది. శాంతి అక్కడ నేల స్వభావం కాదు, పనిగట్టుకుని కట్టుకున్నది.

ఇకమీద ఎక్కడ సరిహద్దు తగవు లేచినా, జనాన్ని అడగాలన్న నినాదం వినిపించినా, ఆ నినాదాన్ని గౌరవిస్తూనే దాని వెనక ఉన్న రెండు సంగతులు ఆరా తీయాలి. లెక్కింపు గీత ఎవరు గీశారు, తమకు అందే అవకాశం ఉన్నదాన్ని వాళ్లు ఎంతవరకు వదులుకున్నారు? ఓడిపోయేవాళ్ల బడికి, భాషకు, ఓటుకు ముందుగానే రాతపూర్వకంగా ఇచ్చిన హామీ ఏమిటి, దానికి గడువు ఉందా? వీటికి జవాబు లేని ప్రజాభిప్రాయ సేకరణ ఎంత నిజాయితీగా జరిగినా తగవును ఒక తరం నుంచి ఇంకో తరానికి అప్పగించడమే అవుతుంది.